మాంచెస్టరు మిరియాల చిమ్మట

మాంచెస్టరు అనగానే మన పాతతరం వాళ్ళకు ముందు గుర్తుకు వచ్చేది గుడ్డ. ఆ ఊరి మరల మీద నేసిన బట్ట ఓడలెక్కి వచ్చి మన సంతల్లో చవగ్గా పడిందనీ, ఆ దెబ్బకు ఎన్నో ఊళ్ళలో మగ్గం గుంటలు పూడిపోయాయనీ పెద్దవాళ్ళు చెప్పగా విన్నాం. స్వదేశీ ఉద్యమం రోజుల్లో నడివీధిలో కుప్పపోసి తగలబెట్టింది అలాటి సీమ బట్టల్నే. అందుచేత, కిందటేడు జూలైలో మా చెల్లెలి ఇంటికని కాకినాడ నుంచి ఆ ఊరు వెళ్ళినప్పుడు, నేను ముందుగా చూడాలనుకున్నవి ఆ మిల్లులు.

"మిల్లులింకా ఎక్కడివి బావగారూ! అవన్నీ ఇప్పుడు వాటాల ఇళ్ళూ, ఆఫీసులూను" అని నవ్వారు మా బావగారు. ఆయన అక్కడి ఆసుపత్రిలో డాక్టరు.

నిజమే. ఎర్రయిటుక గోడలున్నాయి. సరుకు పడవలు తిరిగిన కాలవలున్నాయి. అక్కడక్కడ ఆకాశంలోకి లేచిన పొగగొట్టాలూ ఉన్నాయి. పొగ ఒక్కటే లేదు.

డీన్స్‌గేటు వీధిలో జాన్ రైలండ్స్ గ్రంథాలయం ఉంది. బయటినుంచి చూసిన వాళ్ళు చర్చి అనుకుంటారు. బట్టల వ్యాపారంలో అపారంగా గడించిన జాన్ రైలండ్స్ జ్ఞాపకార్థం ఆయన భార్య ఎన్రికెటా కట్టించింది. 1900 జనవరి 1న పాఠకులకు తలుపులు తెరిచారు. తెలుగు మేష్టరుని గనుక పుస్తకాలకోసం వెళ్ళాను. నన్ను నిలబెట్టినది మాత్రం అక్కడి గాలి కథ. ఊరి పొగ పుస్తకాలను తినేస్తుందని భయపడి, బయటి గాలిని వడకట్టి లోపలికి పంపే ఏర్పాటు కట్టేనాడే చేశారట. గ్యాసు దీపాలు కాగితానికి చెరుపని విద్యుద్దీపాలు పెట్టించారు. పుస్తకాలకు వడకట్టిన గాలి అందిన ఊళ్ళో, మనుషులకు అలాటి గాలి అందాలన్న ఆలోచన చట్టంగా మారడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది.

ఆ పొగ ఎంత దట్టంగా ఉండేదో, ఎప్పుడు పోయిందో తెలుసుకోవాలంటే మునిసిపల్ కాగితాలు తిరగెయ్యవచ్చు. లేదా ఒక చిమ్మటను చూడవచ్చు. చిమ్మటే తేలిక, అది ఇంటి పెరట్లోకే వస్తుంది.

మా చెల్లెలి ఇల్లు ఊరికి దక్షిణాన డిడ్స్‌బరీ అనే పేటలో, మెర్సీ నదికి దగ్గర్లో ఉంది. పక్కింట్లో ఎనభై దాటిన పెద్దమనిషి ఒక్కడే ఉంటాడు. రిటైరైన బడి మేష్టరు. మా మేనకోడలికి పదకొండేళ్ళు. ఆ ఇద్దరికీ మంచి స్నేహం. స్నేహానికి కారణం ఆయన పెరట్లో ఉన్న ఒక పెట్టె. పెట్టె మీద మంచి వెలుతురు ఇచ్చే దీపం, దాని కింద గరాటు, పెట్టె లోపల కోడిగుడ్లు పెట్టుకునే అట్టలు. రాత్రి దీపం వెలిగిస్తే చుట్టుపక్కల చిమ్మటలన్నీ వచ్చి, గరాటులోంచి లోపలికి జారి, ఆ అట్టల గుంటల్లో నిద్రపోతాయి. తెల్లవారి వాటి పేర్లు రాసుకుని, లెక్కపెట్టి, మళ్ళీ పొదల్లో వదిలేస్తారు. చంపడం లేదు. మన కావ్యాల్లో శలభానికి ఉన్నది ఒక్కటే ఉద్యోగం, దీపంలో పడి చావడం. ఇక్కడి శలభానికి దీపం దగ్గర పడక, ఉదయం హాజరుపట్టీ కూడా ఉన్నాయి.

జూలైలో అక్కడ రాత్రి పది దాటితేగాని సరిగ్గా చీకటి పడదు. తెల్లవారుజామున నాలుగున్నరకే వెలుతురు వస్తుంది. పిట్టలు లేచి పెట్టె చుట్టూ చేరకముందే చూడాలి. "మావయ్యా, లే! మూడు వచ్చాయి!" అని మేనకోడలు తలుపు కొట్టిన రోజున నేను శాలువ కప్పుకుని పక్కింటి పెరట్లోకి వెళ్ళాను.

మూడో అట్టమీద ఉంది అది. రెక్కలు విప్పితే రెండంగుళాల వెడల్పు. తెల్లటి రెక్కలమీద ఎవరో మిరియప్పొడి చిటికెడు తీసి చల్లినట్టు నల్లచుక్కలు, చుక్కల మధ్య సన్నటి వంకర గీతలు. ఇంగ్లీషువాళ్ళు కూడా మిరియాలతోనే పోల్చారు. దాని పేరు పెప్పర్డ్ మాత్. మనం మిరియాల చిమ్మట అనుకోవచ్చు. శాస్త్రజ్ఞులు వాడే పేరు బిస్టన్ బెట్యులేరియా. రెండో మాట 1758లో లిన్నేయస్ పెట్టినది. బర్చ్ చెట్టుకు సంబంధించినదని అర్థం. బర్చ్ అంటే మరేదో కాదు, మన భూర్జవృక్షపు చుట్టమే. కాళిదాసు కాలంనుంచి మనం తాళపత్రంతోపాటు చెప్పుకునే భూర్జపత్రం ఆ జాతి చెట్టు బెరడే. మాట కూడా చుట్టమే. సంస్కృతంలో భూర్జం, ఇంగ్లీషులో బర్చ్ ఒకే మూలంనుంచి పుట్టాయని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. చిమ్మట పేరులో ఇలా మా పాఠ్యాంశం తగులుతుందని నేను అనుకోలేదు.

"గుర్తులు చెప్పు" అన్నాడు పెద్దమనిషి, మేష్టరు గొంతుతో.

మేనకోడలు వేళ్ళు మడుస్తూ చెప్పింది. ఒకటి, సీతాకోకచిలుకలాగా రెక్కలు పైకి మడవదు. నాలుగు రెక్కలూ పరిచి బల్లపరుపుగా అతుక్కుంటుంది. రెండు, ఒళ్ళు బొద్దుగా, నూగుతో ఉంటుంది. మూడు, మగదానికి మీసాలు దువ్వెనపళ్ళలా ఉంటాయి. ఆడదానికి దారంలా సన్నగా ఉంటాయి. నాలుగు, దీని దగ్గర బంధువు ఒకటి ఓక్ బ్యూటీ అని ఉంది గాని, దానికి గోధుమరంగు పట్టీలుంటాయి, పైగా అది ఫిబ్రవరినుంచి ఏప్రిల్ లోపల ఎగిరిపోతుంది. ఇది మే నెల మొదలు ఆగస్టుదాకా.

"ఐదోది?"

"ఎక్కడ కూర్చుందో చూడాలి."

పెద్దమనిషి తల ఊపాడు. చిమ్మటను వేలిమీద ఎక్కించుకుని పెరటి చివరి భూర్జం దగ్గరికి తీసుకుపోయి, ఒక కొమ్మమీదికి దించాడు. అది నాలుగడుగులు నడిచి, ఒకసారి ఇటూ అటూ ఒళ్ళు సర్దుకుని, రెక్కలు పరిచి కదలకుండా కూర్చుంది. నేను కళ్ళజోడు తుడుచుకోవడానికి తల దించి మళ్ళీ చూసేసరికి అక్కడ కొమ్మ ఉంది, కొమ్మమీద తెల్లటి మచ్చలున్నాయి. మేనకోడలు వేలితో చూపిస్తేగాని ఆ మచ్చల్లో రెక్కలున్నది ఏదో తేలలేదు. అట్టమీద ఎవరైనా గుర్తుపట్టగల పురుగు చెట్టుమీద మాయమైపోతుంది. అదే దాని అసలు గుర్తు.

ఆ తెల్లటి మచ్చలను ఇంగ్లీషులో లైకెన్ అంటారు. మన పుస్తకాల్లోనూ ఆ మాటే రాస్తున్నారు. కాని మన వంటింట్లో దానికి చక్కటి పేరు ఉంది. బిరియానీ మసాలాలో నల్లగా, వంకరటింకరగా, ఎండిన ఆకు ముక్కల్లా వేస్తారే, రాతిపువ్వు, అది ఒక రకం లైకెనే. పువ్వూ కాదు, మొక్కా కాదు. ఒక బూజు, ఒక పాచి కలిసి కాపురం పెడితే ఏర్పడిన జీవి. పాచి ఎండలో అన్నం వండుతుంది, బూజు ఇల్లు కట్టి తడిని కాపాడుతుంది. దీనికి వేళ్ళు లేవు. నీళ్ళయినా, పోషకాలయినా గాలిలోంచీ వానలోంచీ ఒంటితోనే పీల్చుకోవాలి. మంచి గాలి వస్తే మంచి, విషం వస్తే విషం, వడపోత లేదు. బొగ్గు పొగలోని గంధకపు వాయువు తగిలితే రాతిపువ్వు చాలా రకాలు బతకవు. మాంచెస్టరులో జరిగింది అదే. చెట్లమీద రాతిపూలు చచ్చాయి. ఆ ఖాళీ బెరడుమీద మసి పేరుకుంది.

అప్పుడు మిరియాల చిమ్మట గతి ఏమిటి? నల్లని చెట్టుమీద తెల్లచీర కట్టుకుని కూర్చున్నట్టయింది. పిట్టలకు దూరంనుంచే కనబడుతుంది.

ఇక్కడినుంచి కథ చాలా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే గాని, పొరపాటుగా చెప్పుకోవడం కూడా ఎక్కువే. మసి అంటి చిమ్మటలు నల్లబడలేదు. పొగ పీల్చి కూడా నల్లబడలేదు. లక్షల్లో ఒకటి పుట్టుకతోనే నల్లనిది. దాని పిల్లల్లో కొన్ని నల్లవి. తెల్లచెట్ల కాలంలో అవి పిట్టల పాలయ్యేవి. నల్లచెట్ల కాలంలో అవే మిగిలాయి. రంగు వెయ్యడం పొగ చెయ్యలేదు. ఏ రంగు బతకాలో తేల్చడం మాత్రం పిట్టల ముక్కు చేత చేయించింది. నల్లని మొదటి చిమ్మటను ఈ మాంచెస్టరులోనే 1848లో పట్టుకున్నారని చెబుతారు. ఎడ్లెస్టన్ అనే ఆయన 1864లో దాన్ని గురించి అచ్చువేశాడు. 1895 నాటికి ఈ చుట్టుపక్కల నూటికి 98 నల్లవేనని లెక్క. అర్ధశతాబ్దంలోపల ఒక జాతి దుస్తులు మార్చేసింది.

ఇది పిట్టల పనేనని 1896లో టట్ అనే ఆయన ఊహించాడు. ఊహను అంకెల్లో పెట్టినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. 1924లో ఆయన లెక్కవేసి, ఇంత తొందరగా మారాలంటే నల్లదానికి తెల్లదానికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బతుకుబలం ఉండి తీరాలని తేల్చాడు. అంత ఎక్కువా అని అప్పట్లో చాలామంది నమ్మలేదు. 1953లో బెర్నార్డ్ కెటిల్‌వెల్ బర్మింగ్‌హామ్ దగ్గర మసిపట్టిన అడవిలో రెండు రకాలకూ రంగుచుక్క గుర్తుపెట్టి వదిలి, మళ్ళీ పట్టుకుని లెక్కించాడు. నల్లవి తెల్లవాటికన్నా రెట్టింపు వంతున తిరిగి దొరికాయి. 1955లో డోర్సెట్ ప్రాంతంలో పొగలేని అడవిలో అదే పని చేస్తే ఫలితం తిరగబడింది. అక్కడ తెల్లవే మిగిలాయి. పిట్టలు వచ్చి ఏరుకుతినడం నీకో టిన్‌బర్గెన్ ఫిల్ము కూడా తీశాడు.

తర్వాత ఆక్షేపణలు వచ్చాయి. చిమ్మటలు పగలు మానుమీద కూర్చుంటాయా, కొమ్మలమీదా? మనిషి తెచ్చి అతికించిన చోట పిట్ట తింటే అది రుజువవుతుందా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి కేంబ్రిడ్జిలో మైకేల్ మజెరస్ తన తోటలోనే 2001నుంచి 2007దాకా కూర్చున్నాడు. రాత్రిపూట కొమ్మలమీద సహజంగా చోటు చూసుకోనిచ్చి, తెల్లవారి ఎవరు మిగిలారో, ఎవరిని ఏ పిట్ట ఎత్తుకుపోయిందో కళ్ళతో చూసి రాసుకున్నాడు. మొత్తం 4,864 చిమ్మటలు. శుభ్రమైన ఆ తోటలో నల్లవాటినే పిట్టలు ఎక్కువగా తిన్నాయి. చిమ్మటలు ఎక్కువగా పక్కకొమ్మలమీద, అందులోనూ కిందివైపు కూర్చుంటాయని కూడా తేలింది. మజెరస్ 2009లో పోయాడు. ఆ లెక్కలను సహచరులు 2012లో అచ్చు వేయించారు.

2016లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయం వాళ్ళు నల్లరంగుకు మూలమైన మార్పును జన్యువులో కనిపెట్టారు. ఒకచోటినుంచి ఇంకోచోటికి గెంతే జన్యుపదార్థపు ముక్క ఒకటి పోయి ఇంకో జన్యువు మధ్య ఇరుక్కుంది. అది జరిగింది 1819 ప్రాంతంలో అని వాళ్ళ అంచనా. అంటే మాంచెస్టరు మిల్లులు ఊపందుకుంటున్న రోజులు. ఎవరి కంటా పడకుండా ముప్ఫై ఏళ్ళపాటు ఆ నల్లచిమ్మట సంతానం ఎక్కడో దాక్కుని తన కాలం కోసం కాచుకుని ఉందన్నమాట.

ఇహ పిల్లల సంగతి. చిమ్మటను గుర్తుపట్టడం ఒక ఎత్తు, దాని గొంగళిపురుగును పట్టుకోవడం ఇంకో ఎత్తు. తల్లి బెరడు పగుళ్ళలో గుడ్లు పెడుతుంది. పిల్లలు పుట్టగానే సన్నటి పట్టుదారం వదిలి, గాలికి తేలి చెట్టునుంచి చెట్టుకు పోతాయి. భూర్జం, ఓక్, విల్లో, నిమ్మజాతితో సంబంధంలేని లైమ్ అనే చెట్టు, ముళ్ళకంపలు, ఏ ఆకు దొరికినా తింటాయి. రాతిపువ్వు మాత్రం తినవు. రాతిపూలలో దాక్కునే చిమ్మట కదా, పిల్లలు అవే తింటాయని చాలామంది అనుకుంటారు. అవి తినే గొంగళిపురుగులు వేరే ఉన్నాయి. మార్బుల్డ్ బ్యూటీ అనే చిన్న చిమ్మట పిల్లలు పాత గోడలమీది లైకెన్ మేసే పెరుగుతాయి. మిరియాల చిమ్మట సంతానానికి కావలసింది పచ్చటి ఆకు.

ఆగస్టు రెండోవారం వచ్చేసరికి వేట మొదలైంది. మెర్సీ గట్టున భూర్జాలూ విల్లోలూ గుబురుగా ఉంటాయి. పెద్దమనిషి కర్ర ఊతంగా మెల్లగా నడుస్తూ పాఠం చెప్పాడు. "ఆకు అంచు ఎక్కడ కొరికి ఉందో ముందు చూడు. తర్వాత దానికి దగ్గర్లో మొగ్గ లేని పుల్ల ఎక్కడుందో చూడు. నిజమైన పుల్లకు ఎక్కడో ఒకచోట మొగ్గ ఉంటుంది."

అరగంట గడిచింది. సన్నటి వాన తుంపర మొదలైంది. ఆ ఊళ్ళో అది వాన కింద లెక్కకాదు. మేనకోడలు ఒక కొమ్మ దగ్గర ఆగింది. కొమ్మనుంచి ఏటవాలుగా రెండంగుళాల పుల్ల ఒకటి పొడుచుకుని ఉంది. బూడిద కలిసిన గోధుమరంగు. అక్కడక్కడ కణుపుల్లాటి బుడిపెలు. చివర రెండుగా చీలినట్టు చిన్న నొక్కు.

"ఆ నొక్కే దాని తల" అన్నాడాయన. "ఇంకే పురుగైనా పుల్ల వేషం వేస్తుంది. తలమీద అలా రెండు కొమ్ముల్లాటి నొక్కు ఉంటే ఇదే."

మేనకోడలు చిటికెనవేలితో తాకింది. పుల్ల మెత్తగా ఉంది. అయినా కదల్లేదు. వెనకవైపు ఉన్న రెండు జతల పిడికాళ్ళతో కొమ్మను పట్టుకుని, మిగిలిన ఒళ్ళంతా గాల్లో నిటారుగా నిలిపి ఉంచింది. చాలాసేపటికి ఇక ప్రమాదం లేదనుకుందో ఏమో, ముందుకు వంగి కొమ్మను పట్టుకుని, వెనకభాగాన్ని ముందరికాళ్ళదాకా లాక్కుని, నడుం విల్లులా వంచి, మళ్ళీ చాచి నడిచింది. ఆ నడక చూడగానే నాకు మన పొలాలు గుర్తొచ్చాయి. ఆముదం చేలల్లో ఆకులు కొరికేసే దాసరి పురుగు నడక ఇలాగే ఉంటుంది. నడుం వంచి దణ్ణాలు పెడుతూ పోతున్నట్టు నడిచే పురుగును దాసరి అన్న మన రైతు ఎంత చక్కగా చూశాడో!

నాలుగు గజాల అవతల విల్లో చెట్టుమీద ఇంకొకటి దొరికింది. అదే నొక్కు, అదే నడక. కాని రంగు ఆకుపచ్చ. "ఇది వేరే రకమా?" అని మేనకోడలు సందేహపడింది. కాదు. ఒకే తల్లి పిల్లలైనా ఏ రంగు పుల్లమీద పెరిగితే ఆ రంగుకు తిరుగుతాయి. తల్లిదండ్రుల రంగు పుట్టుకతో వచ్చినది, చచ్చేదాకా మారదు. పిల్లలది మాత్రం ఉన్నచోటును బట్టి కొద్దిరోజుల్లో మారుతుంది. ఒకే వంశంలో రెండు విద్యలు! ఇంకా వింత ఏమిటంటే, తాము కూర్చున్న పుల్ల రంగు వాటికి తెలియడానికి కళ్ళు కూడా అక్కర్లేదు. 2019లో లివర్‌పూల్, డరమ్ విశ్వవిద్యాలయాల వాళ్ళు ఈ గొంగళిపురుగుల కళ్ళమీద నల్లరంగు పూసి, రంగురంగుల పుల్లలమీద వదిలారు. కళ్ళు మూసుకుపోయినా అవి సరైన రంగుకే తిరిగాయి. వెలుతురును గుర్తించే పదార్థాలు వాటి చర్మంలోనే ఉన్నాయట. ఒంటితో చూసే పురుగు!

శీతాకాలం ముందు ఇవి చెట్టు దిగి, మట్టిలో గూడు చేసుకుని, మంచు కాలమంతా నిద్రపోయి, మే నెలలో మిరియాల రెక్కలతో లేస్తాయి.

ఆ సాయంత్రం మా చెల్లెలు పెద్దమనిషిని టీకి పిలిచింది. మాటల్లో మేనకోడలు తన కోరిక బయటపెట్టింది. "నాకు నల్లది చూడాలని ఉంది. ఇన్నాళ్ళూ అన్నీ తెల్లవే వస్తున్నాయి. ఒక్కటైనా నల్లది రాకూడదా?"

ఆయన కప్పు కింద పెట్టాడు. "నీ వయసులో నాకు తెల్లది చూడాలని ఉండేది. 1950లలో ఈ ఊళ్ళో ఏ దీపం దగ్గర చూసినా నల్లదే. సోమవారం అమ్మ దుప్పట్లు ఉతికి ఆరేస్తే సాయంత్రానికి వాటిమీద మసి చుక్కలు పడేవి. మళ్ళీ ఉతికేది. మా నాన్న మిల్లులో పనిచేసేవాడు. చలికాలం వస్తే దగ్గు, దగ్గుకు పని మానడం, మానితే కూలి లేకపోవడం. ఆయన పోయినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. తెల్లచిమ్మట చూడాలంటే రైలెక్కి దూరం పోవాలి, రైలుకు డబ్బులేవి? అంచేత పుస్తకంలో బొమ్మే చూసేవాణ్ణి."

కొంచెంసేపు ఎవరం మాట్లాడలేదు. "నల్లది ఎప్పుడన్నా ఒకటి వస్తూనే ఉంటుంది. వస్తే నీకు చూపిస్తాను. అంతేగాని, అవి రావాలని మాత్రం కోరుకోకు తల్లీ" అన్నాడు.

ఆ ఊరు మారింది ఒక్కరోజులో కాదు. 1952లో మాంచెస్టరు నడిబొడ్డును పొగలేని ప్రాంతంగా ప్రకటించారు. అదే ఏడు డిసెంబరులో లండన్‌లో పొగమంచు కమ్మి వేలమంది ప్రాణాలు పోయాయి. 1956లో పరిశుభ్రమైన గాలికోసం పార్లమెంటు చట్టం చేసింది. బొగ్గు పొయ్యిలు తగ్గాయి, మిల్లులూ మూతపడ్డాయి. రాతిపూలు ఒక్కొక్కటిగా చెట్లమీదికి తిరిగి వచ్చాయి. వాటివెనకే తెల్ల చిమ్మట కూడా.

ఆ తిరిగిరావడాన్ని ఏడాది తప్పకుండా లెక్కించినవాడు సర్ సిరిల్ క్లార్క్. లివర్‌పూల్ దగ్గర కాల్డీలో తన ఇంటిదగ్గర 1959లో దీపం పెట్టడం మొదలుపెట్టాడు. ఆ ఏడు పడినవాటిలో నూటికి తొంభైకి పైగా నల్లవి. 1989 నాటికి నల్లవి నూటికి ముప్ఫై ప్రాంతానికి దిగాయి. తర్వాత ఇంకా దిగి, ఈనాడు అరుదైపోయాయి. ఈ పేరు చెప్పగానే మా బావగారు చటుక్కున తలెత్తారు. "క్లార్కా? వైద్యం ఆచార్యుడు క్లార్కేనా?" ఆయనే. సీతాకోకచిలుకల వంశలక్షణాలు పరిశీలిస్తున్నవాడు ఆ దారినే మనుషుల రక్తంలోని రీసస్ లక్షణం మీదికి వెళ్ళాడు. తల్లి రక్తం నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే మొదటి కాన్పు సవ్యంగా జరిగినా రెండో బిడ్డకు ప్రాణాపాయం. దాన్ని ఆపే యాంటీ డి ఇంజెక్షను కోసం లివర్‌పూల్‌లో కృషిచేసిన బృందానికి పెద్ద ఆయనే.

మా చెల్లెలి రక్తం నెగెటివ్. పెద్దవాడు పుట్టినప్పుడు ఆ ఇంజెక్షను ఇచ్చారు. మేనకోడలు రెండో కాన్పు. "చూశావా అన్నయ్యా, చిమ్మటలు లెక్కపెట్టడం పనిలేనివాళ్ళ పని అన్నాను మొన్న" అంది మా చెల్లెలు, కూతురి జడ సర్దుతూ.

హాల్డేన్ సంగతి చెప్పినప్పుడు నేను ఒక మాట దాచిపెట్టాను. ఆయన 1957లో ఇంగ్లండు వదిలి మనదేశం వచ్చేశాడు. కలకత్తాలో పనిచేశాడు, 1961లో భారత పౌరుడయ్యాడు, తర్వాత భువనేశ్వర్ చేరాడు. ఆయన దగ్గర పరిశోధన నేర్చినవాళ్ళలో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. లాంటానా పూలలో ఏ రంగు పువ్వుమీద ఏ సీతాకోకచిలుక వాలుతుందో లెక్కలు తీసినవాడు. హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన దేహం వైద్యవిద్యార్థులకు ఉపయోగపడాలని రాసిపెట్టాడు. ఆ దేహాన్ని పంపింది మా కాకినాడకే, రంగరాయ వైద్యకళాశాలకు. మాంచెస్టరు చిమ్మటలకు మొదట లెక్కకట్టిన మనిషి చివరికి మా ఊరి పిల్లలకు పాఠమయ్యాడు. నేను ఈ ముక్క చెబితే పక్కింటి పెద్దమనిషి చాలాసేపు నమ్మలేదు. నమ్మిన తర్వాత కాకినాడ స్పెల్లింగు అడిగి రాసుకున్నాడు.

మిరియాల చిమ్మట మన గోదావరి జిల్లాల్లో దొరకదు. కాని రాతిపువ్వు జాతి మనకూ ఉంది. కొబ్బరిచెట్టు మానుమీద, మామిడి మానుమీద సున్నం చిలకరించినట్టు తెల్లటి, బూడిదరంగు మచ్చలు కనబడతాయి. తెగులనుకుని గీకేస్తుంటారు. అవి చెట్టు రసం పీల్చవు, చెట్టును తినవు. గాలి తిని బతుకుతాయి. ఊరి నడుమ చెట్టుకు అవి ఎన్ని ఉన్నాయో, ఊరిబయట చెట్టుకు ఎన్ని ఉన్నాయో ఓపిక ఉన్నవాళ్ళు పోల్చి చూసుకోవచ్చు. దానికి కావలసినది ఒక కాగితం, ఒక పెన్సిలు.

నేను బయలుదేరే ముందురోజున పెద్దమనిషి తన పుస్తకం చూపించాడు. ప్రతి కౌంటీకి చిమ్మటల లెక్కలు చూసే వాలంటీరు ఒకరు ఉంటారట; ఏటా ఈ లెక్కలు ఆయనకు పంపాలి. జూలై పేజీలో మిరియాల చిమ్మట పేరుకు ఎదురుగా రెండు గడులున్నాయి. తెల్లవి 3, నల్లవి 0. చూసినవారి పేరు దగ్గర తన పేరు కొట్టేసి, మా మేనకోడలి పేరు రాసి ఉంచాడు.